పేరు పెట్టి పిలవడం

ఆ వేసవిలో మా అక్క మా అమ్మను "నువ్వు" అనడం నేర్చుకుంది. నేర్పింది మా అమ్మే.

న్యూ ఆర్లీన్స్‌లో మా ఏడో వార్డు నల్లవాళ్ళం కన్నతల్లినైనా "మీరు" అనే అంటాం. మాట చివర "అండీ" మింగేశామంటే ముందు అమ్మ చేతిలో గరిటె ఉందో లేదో చూసుకోవాలి. పక్కింటావిడతోనైనా, బండి మీద రొయ్యలమ్మే ముసలాయనతోనైనా అంతే. తెల్లవాళ్ళ పెద్ద కొట్లుండే కెనాల్ వీధికి వెళితే ఈ మర్యాద తలకిందులవుతుంది. అక్కడ మా అమ్మ వయసు మనిషిని తెల్లవాళ్ళ చంటిపిల్ల కూడా ఒట్టి పేరుతో పిలుస్తుంది. పేరు తెలియకపోతే "ఆంటీ" అంటారు. అది వరస కలపడం కాదు, పేరడిగే శ్రమ తప్పించుకోవడం.

మా అక్క ఒడీల్‌ది నాన్న రంగు. నాన్న తాపీ పని నుంచి ఇంటికొస్తే ఎక్కడ సున్నం ఉందో ఎక్కడ మనిషున్నాడో తెలియదని వీధిలో వాళ్ళు ఆట పట్టించేవారు. నాది అమ్మ రంగు. అక్కా నేనూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం, ఒకే దువ్వెనతో దువ్వుకునేవాళ్ళం. బజార్లో మాత్రం ఒకరికొకరం ఏమీ కానివాళ్ళలా కనిపించేవాళ్ళం. నాకది చిన్నప్పటి నుంచీ కడుపుమంట. దాచుకునే రకాన్ని కూడా కాదు.

ఆ ఏడు ఈస్టరుకు ముందు నాన్న ఒక చర్చి లోపలి కప్పుకు సున్నం పూస్తూ పరంజా మీంచి పడ్డారు. తుంటి విరిగింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వీధిని చూడడమే ఆయన పని అయింది. అమ్మ కుట్టుపని ఒక్కటే ఇల్లు గడపాలి. అక్క కూడా కుట్టుపని కోసమే కెనాల్ వీధిలో ఒక పెద్ద బట్టల కొట్టుకు వెళ్ళింది. వెనక గదిలో మనవాళ్ళ ఆడపిల్లలను పెట్టుకుంటారని ఎవరో చెప్పారు. అక్కడి పెద్దావిడ అక్కను ఎగాదిగా చూసి, "నీలాంటి పిల్లకు వెనక గదిలో ఏం పని?" అని తీసుకెళ్ళి ముందు హాల్లో గ్లవుజులు అమ్మే బల్ల దగ్గర నిలబెట్టింది. అక్క ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఎవరూ ఏమీ అడగలేదు, అంతే.

మావాళ్ళు దీన్ని దాటడం అంటారు. పొద్దున్నే తెల్లవాళ్ళలోకి దాటి, సాయంత్రానికి మాలోకి తిరిగొచ్చేవాళ్ళు మా వీధిలో ఇంకా కొందరున్నారు. కెనాల్ వీధిలో వాళ్ళు ఎదురుపడితే గోడను చూసినట్టు చూసి వెళ్ళిపోతాం. మా వీధిలో తగువులకూ ఓర్వలేనితనానికీ కొదవ లేదు గానీ, ఈ ఒక్క విషయంలో ఎవరూ నోరు జారరు. ట్రాములో మమ్మల్నీ తెల్లవాళ్ళనూ విడదీసే చెక్క పలక ఒకటుంటుంది. అక్క పలకకు ముందు కూర్చునేది. నేను అమ్మ కుట్టిన బట్టల మూటతో వెనక కూర్చుని అక్క టోపీ మీది పువ్వును చూస్తూ వెళ్ళేదాన్ని.

జూన్‌లో ఒక సాయంత్రం అక్క ఇంటికొచ్చి, ఆ టోపీ తీయకుండానే వంటింట్లో కూలబడింది.

"ఇవాళ మదాం గ్లాపియాన్ వచ్చారమ్మా కొట్టుకి," అంది.

మదాం గ్లాపియాన్ మా బడి పంతులమ్మ. మా ఇద్దరికే కాదు, అమ్మకు కూడా అక్షరాలు దిద్దించిన మనిషి.

"వస్తే? ఆవిడేం పలకరించరుగా నిన్ను."

"ఆవిడెందుకు పలకరిస్తారండీ. నన్నెప్పుడూ చూడనట్టే తెల్ల నూలు గ్లవుజులడిగారు. నేనే... 'అలాగేనండీ, కూర్చోండి మదాం' అన్నాను."

నాన్న కిటికీ వైపు నుంచి తల తిప్పారు. "కూర్చోమన్నావా?"

"కుర్చీ కూడా లాగాను."

నాకు నవ్వొచ్చింది. ఇంకెవరూ నవ్వలేదు.

"ఆవిడ కూర్చోలేదు. 'ఫర్వాలేదు మిస్, నిలబడతానండీ' అన్నారు, హాడ్లీకి వినపడేట్టు." హాడ్లీ అంటే ఆ హాలు మీద పెత్తనం చేసే మనిషి. "తర్వాత అతను నన్ను పక్కకి పిలిచి, 'మిమ్మల్నెవరు పెంచారు మిస్ ఒడీల్? నల్లదాన్ని పట్టుకుని మదాం అంటున్నారు' అని నవ్వాడు. నవ్వుతూనే నా గోళ్ళకేసి చూశాడు."

గోళ్ళ మొదట్లో రంగు చూస్తే మా రక్తం బయటపడుతుందని తెల్లవాళ్ళ నమ్మకం. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని పిడికిళ్ళు బిగించింది.

"నేను మానేస్తానమ్మా."

"మానేసి?" అంది అమ్మ. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరడం పూర్తి చేసి, అప్పుడంది. "నోటి అలవాటే కదా. మార్చుకుంటే మారుతుంది."

ఆ ఆదివారం పూజ నుంచి రాగానే అమ్మ వంటింటి బల్ల తుడిచి, తువ్వాలు మడతపెట్టి దాని మీద పెట్టింది. కొట్టులో గ్లవుజులు తొడిగేటప్పుడు దొరసానుల మోచేతి కింద పెట్టే మఖమలు దిండుకు అది బదులు. అక్కను బల్లకు అవతల నిలబెట్టింది. తను చర్చికి పెట్టుకెళ్ళిన టోపీతో, చేతిసంచీతో గుమ్మంలోకి వెళ్ళి, మళ్ళీ లోపలికి నడిచొచ్చింది.

"నేను కొనడానికొచ్చాను. పలకరించు."

"ఏం కావాలండీ?"

"ఏం కావాలి, అను."

"ఏం... కావాలి?"

"పేరు పెట్టు. క్లెమాన్స్, ఏం కావాలి నీకు?"

అక్క నోరు తెరిచి మూసేసింది. నాన్న కుర్చీలోంచి అందుకున్నారు. "ముక్కూ మొహం తెలీని మనిషి పేరు దానికెలా తెలుస్తుందే? ఆంటీ అంటారు గదా వాళ్ళు."

"ఆంటీ అనడానికేం, ఎవరైనా అంటారు. కన్నతల్లిని పేరు పెట్టి పిలవగలిగితే ఇంక అది ఎవర్నైనా పిలవగలదు. మీరూరుకోండి."

"అక్కకి చేతకాకపోతే నేనంటా," అన్నాను నేను. "క్లెమాన్స్, ఏం కావాలే నీకు?"

మడతపెట్టిన తువ్వాలు వచ్చి నా మొహానికి తగిలింది. "నీకెందుకే? నిన్నెవరు నిలబెడతారు ఆ బల్ల దగ్గర?" అంది అమ్మ. ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం తువ్వాలు దెబ్బ కన్నా అదే ఎక్కువ తగిలింది.

అమ్మ అన్నీ నేర్పింది. చిల్లర చేతికివ్వకూడదు, బల్ల మీద పెట్టాలి. మనవాళ్ళను గ్లవుజు వేసుకు చూడనివ్వకూడదు. తెల్లావిడ వస్తే మాట మధ్యలోనే వదిలేసి అటు తిరగాలి. బల్లకు ఇవతలి వైపున బతుకంతా నిలబడ్డ మనిషి కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో ఆవిడకు బాగా తెలుసు. అక్క ఏడ్చింది. అమ్మ ఏడవనిచ్చి, మొహం కడుక్కురమ్మని, మళ్ళీ గుమ్మం నుంచి మొదలుపెట్టింది.

జూలై నాటికి అది మా ఇంట్లో ఆటైపోయింది. అక్క సాయంత్రం ఇంటికొస్తూనే చెప్పులు విసిరేసి, "క్లెమాన్స్, ఏంటలా చూస్తూ నిలబడ్డావు, కొంటావా లేదా?" అనేది. అమ్మ వెంటనే ఒళ్ళు కుంచించుకుని, "కొంటానండీ చిన్నమ్మగారూ, కసురుకోకండీ" అనేది. నాన్న తుంటి పట్టుకుని మరీ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఏం చెప్పను, నిజంగానే నవ్వొచ్చేది. అక్కకు ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, కళ్ళు మూసుకుని వింటే ఎవరో తెల్ల దొరసాని మా వంటింట్లో నిలబడి ఉన్నట్టే ఉండేది.

ఆగస్టులో అక్క లోరెయిన్ అనే పిల్ల గదికి మారింది. ఆ పిల్లదీ అదే కొట్టు, టోపీల బల్ల. నిజమైన తెల్లపిల్ల. ఇద్దరూ కలిసి ఉంటే ట్రాము బాధ తప్పుతుందనీ, ఏడో వార్డు వైపు వెళ్ళే ట్రాములో తనను రోజూ చూస్తుంటే ఎవరికైనా అనుమానం రావచ్చనీ అక్క అంది. నిజమే అనిపించింది. ఆదివారాలు మాత్రం ఇంటికి రావాలన్నది ఒప్పందం. మొదటి ఆదివారం వచ్చింది. తర్వాతి ఆదివారం రాలేదు. అమ్మ కంచం పెట్టి, భోజనాలయ్యాక ఆ కంచం తీసేసింది. "ఎండలు మండిపోతున్నాయి కదా," అంది. ఆ పై వారం కుండపోత వాన. "వానలో ఎలా వస్తుంది," అంది.

"వానలో లోరెయిన్‌తో సినిమాకెళ్ళడానికి గొడుగుంటుంది లెండి," అన్నాను.

"నీ నోటికి తాళం వెయ్యాలే జెలీ," అన్నారు నాన్న. కానీ ఆయనా కంచం వైపే చూస్తున్నారు.

ఆ వారంలోనే మదాం గ్లాపియాన్ పోయారు. వీధి వీధంతా ఆవిడ బడిలో చదివినవాళ్ళే. అమ్మ బీరువా తీసి, నల్ల గౌను దులిపి ఆరేసి, మర్నాడు పొద్దున్నే టోపీ పెట్టుకుంది.

"గ్లవుజులు కొనాలి. పద."

"మనవాళ్ళ కొట్లున్నాయి కదండీ డ్రయాడ్స్ వీధిలో."

"నాకు మంచివి కావాలి," అంది అమ్మ. ఎక్కడికి వెళ్తున్నామో నాకు అర్థమైంది. కబురు చెప్పాలి, అక్కను అంత్యక్రియలకు రమ్మనాలి. అంతకన్నా ముందు ఒకసారి కళ్ళారా చూసుకోవాలి. గదికి వెళ్ళడం కుదరదు, లోరెయిన్ ఉంటుంది. కొట్టుకైతే ఎవరైనా వెళ్ళొచ్చు. కొనుక్కోవడానికైతే మమ్మల్ని కూడా ఎవరూ ఆపరు.

హాలంతా పంకాల గాలి, పౌడరు వాసన. అక్క నల్ల గౌను మీద తెల్ల కాలరు వేసుకుని, ఒక దొరసాని చేతికి గ్లవుజు తొడుగుతోంది. ఒక్కొక్క వేలే సవరిస్తోంది, తల వంచి, ఎంతో ఓపిగ్గా. మేము పక్కగా నిలబడ్డాం. ఆవిడ లేచాక ఇంకో ఆవిడ వచ్చి కూర్చుంది. అమ్మ కదల్లేదు. అక్కను మాత్రం తనివితీరా చూసుకుంది. ఆ రెండో ఆవిడ కూడా వెళ్ళాక అక్క మా వైపు తిరిగింది. హాడ్లీ నాలుగడుగుల దూరంలో గాజు అలమరా తాళాలు చూసుకుంటున్నాడు.

అక్క రెప్ప కూడా వేయలేదు. "ఏం కావాలి క్లెమాన్స్?" అంది.

ఎంత చక్కగా అందో. వంటింట్లో ఎప్పుడూ అంత చక్కగా అనలేదు. అన్నాక గానీ ఏమన్నదో మా ముగ్గురికీ తెలియలేదు.

హాడ్లీ తాళాలు వదిలేసి ఇటు నడిచొచ్చాడు. "పేరు పెట్టి పిలిచారే. ఈ మనిషి తెలుసా మీకు, మిస్ ఒడీల్?"

అక్క పెదవులు కదిలాయి. ఆమె చేతులు బల్ల కిందికి జారాయి.

"తెలియకపోవడమేంటండీ అయ్యగారూ," అంది అమ్మ. జూలైలో మమ్మల్ని నవ్వించిన గొంతు అది. "చిన్నమ్మగార్ని ఈ చేతులతో పెంచానండీ. పుట్టిన రోజు నుంచీ నా చంకలోనేనండీ."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

హాడ్లీ పెద్దగా నవ్వాడు. "అదీ సంగతి. మదాం అనడం ఎక్కడ నేర్చారా అనుకున్నాను. బాగా పెంచావు క్లెమాన్స్, చాలా బాగా పెంచావు." తర్వాత నన్ను చూశాడు. "ఇదెవరు?"

"నా కూతురండీ."

"ఒక్కతేనా?"

"ఒక్కతేనండీ."

అమ్మకు నేను ఒక్కదాన్నే కూతుర్నైతే ఎంత బాగుండునో అని చిన్నప్పుడు ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ మాట ఆవిడ నోట విన్న రోజున నేను అక్క మొహం చూడలేకపోయాను.

"నల్లవి కావాలండీ," అంది అమ్మ అక్క వైపు తిరిగి. "మా పంతులమ్మగారు పోయారండీ, మదాం గ్లాపియాన్. బుధవారం పొద్దున్న పది గంటలకండీ, మా చర్చిలో."

సొరుగులో అక్క చేయి ఆగింది. హాడ్లీ ఇంకా నవ్వుతూ అక్కడే ఉన్నాడు. చేయి మళ్ళీ కదిలింది. కొలత అడగలేదు, టేపు తీయలేదు. ఒక జత తీసి, కాగితంలో చుట్టి, బల్ల మీద పెట్టింది. చిల్లర కూడా బల్ల మీదే పెట్టింది, అమ్మ చేతికి తగలకుండా. అంతా నేర్పినట్టే చేసింది.

ట్రాములో పలక వెనక కూర్చున్నాక అమ్మ గ్లవుజుల పొట్లం ఒళ్ళో పెట్టుకుంది.

"బాగా నేర్చుకుంది," అంది. "గొంతు కూడా వణకలేదు, చూశావా?"

ఆ మాటలో గర్వమే ఉంది. నాకు దానికే ఎక్కువ భయమేసింది.

బుధవారం అక్క రాలేదు. పనిరోజు, ఎలా వస్తుంది? అమ్మ నల్ల గ్లవుజులు తొడుక్కుంది. కొలతపెట్టి కుట్టినట్టు సరిపోయాయి, కుట్టుపని వల్ల లావెక్కిన బొటనవేలి దగ్గర కూడా. మా పక్కింటావిడ చర్చి మెట్ల మీద అమ్మ చేయి పట్టుకుని చూసింది. "కెనాల్ వీధివా? వేసుకు చూడనిచ్చారా?"

"లేదు. అక్కడ అమ్ముతున్న అమ్మాయే చూసి ఇచ్చింది."

పక్కింటావిడ ఇంకేమీ అడగలేదు. చేయి మాత్రం కాసేపు వదల్లేదు.

ఆదివారం అక్క వచ్చింది. ఖాళీ పెట్టె పట్టుకొచ్చింది. ఆ పెట్టె ఎందుకో ఎవరూ అడగలేదు. అమ్మ అన్నం వడ్డిస్తుంటే అక్క కంచంలో చేయి పెట్టకుండా కూర్చుంది.

"అలా ఎందుకన్నారమ్మా?"

"మరేమనమంటావు? పేరు పెట్టి పిలిచావు."

"మీరే కదా నేర్పారు."

"నేనే నేర్పాను," అంది అమ్మ. "ఆంటీ అనడం నేర్పుంటే సరిపోయేది. మీ నాన్న చెప్తూనే ఉన్నారు."

నాన్న కిటికీ వైపు తిరిగారు.

"హాడ్లీ అందరికీ చెప్పేశాడు," అంది అక్క. "పెద్దింటి పిల్లవని చెప్పలేదేం అంటోంది లోరెయిన్. మనిషిని పెట్టి పెంచారంటే ఎంత కలిగినవాళ్ళో అంటోంది. రోజూ ఎవరో ఒకరు నా దగ్గరికొచ్చి, 'మీ క్లెమాన్స్ ఎలా ఉంది' అని అడుగుతున్నారు."

"మంచిదేగా. ఇంక నీ గోళ్ళు ఎవరూ చూడరు."

అక్క ఏడ్చింది. ఏడుస్తూనే మిగిలింది కూడా చెప్పింది. "మీరు చేసే ప్రలీన్లు తెమ్మంటున్నారు. పెంచినావిడ తప్పకుండా చేసి ఉంటుంది కదా, తెచ్చిపెట్టమంటున్నారు."

"సిగ్గు లేదే నీకు?" అన్నాను. కంచం ముందు నుంచి లేచాను. "అమ్మ చేత వాళ్ళకి మిఠాయిలు చేయిస్తావా?"

"జెలీ," అంది అమ్మ. "పై అలమరాలో చక్కెర దించు."

నేను దించలేదు. అమ్మే స్టూలు వేసుకుని దించుకుంది. ఆ మధ్యాహ్నం ఉక్కలో పొయ్యి ముందు నిలబడి పాలూ చక్కెరా పాకం పట్టి, పెకాన్ పలుకులు వేసి, పాకం బిగుసుకునేలోగా గబగబా బిళ్ళలుగా వేసింది. అక్క మా గదిలో పెట్టె సర్దుకుంది. శీతాకాలం కోటు కూడా పెట్టుకుంది. దువ్వెన మాత్రం నా కోసం వదిలేసింది. అమ్మ ప్రలీన్లను మైనం కాగితంలో చుట్టి దారం కట్టింది. పుట్టినరోజులకు కట్టినట్టే ముడి వేసింది.

గుమ్మంలో అక్క వంగి నాన్న నుదురు ముద్దు పెట్టుకుంది. నా వైపు చూసింది. నేను చూడలేదు. "వెళ్ళొస్తానండీ అమ్మా," అంది.

అమ్మ పొట్లం ఆమె చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. "మంచిదండీ చిన్నమ్మగారూ," అంది.

ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. నవ్వితే అది ఆటై ఉండేది. అక్క పెట్టె మార్చి పట్టుకుని వీధి చివరి దాకా వెనక్కి తిరగకుండా నడిచింది. అక్కడ ట్రామెక్కింది. అక్క ఏ వైపు కూర్చుని ఉంటుందో నాకు తెలుసు.

చలికాలం రాకముందే ఆమె లోరెయిన్‌తో కాలిఫోర్నియా వెళ్ళిపోయింది. మా వీధి వాళ్ళు మర్యాదస్తులు, ఎవరూ ఏమీ అడగలేదు. క్రిస్మస్ ముందు మా చర్చికి కొత్త ఫాదర్ వచ్చారు. ఆయనకు మా సంగతులేవీ తెలియవు. ఒక ఆదివారం పూజయ్యాక గుమ్మం దగ్గర అందరినీ పలకరిస్తూ మా దగ్గరికొచ్చారు.

"మీకెంతమంది పిల్లలమ్మా?"

అమ్మ నల్ల గ్లవుజుల వేళ్ళు ఒక్కొక్కటే సవరించుకుంది. నేను పక్కనే ఉన్నాను.

"కన్నది ఒక్కదాన్నేనండీ ఫాదర్," అంది. "పెంచింది ఇద్దర్ని."